ఆటలో అరటిపండు లేని పుట్టినరోజు

"నేను ఆటలో ఉండానా, లేనా మా?"

మా చిన్నోడు వంటింటి గడప మీద నిలబడి ఈ మాట అడిగినప్పుడు నేను చారుకు చింతపండు పిసుకుతున్నాను. వాడికి నాలుగున్నరేళ్లు. బయట వాళ్లక్క, వీధిలో పిల్లలు ఏడు పెంకులాట ఆడుతున్నారు. వీడూ గంట నుంచి వాళ్ల వెంటే పరిగెత్తుతున్నాడు, అరుస్తున్నాడు, దూరంగా పోయిన బంతిని ఏరుకొచ్చి ఇస్తున్నాడు. కానీ బంతి తగిలినా వీడు అవుట్ కాడు. పెంకు మీద పెంకు పెట్టినా అది లెక్కలోకి రాదు. ఎందుకని అడిగితే "నువ్వు ఆటలో అరటిపండువి రా" అన్నారంట.

వాడికి ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. ఎందుకంటే మా అన్నల ఆటల్లో నేనూ ఏళ్ల తరబడి అరటిపండునే. చిన్నపిల్లలు ఏడవకూడదని పెద్దపిల్లలు మంచి మనసుతో చేసుకున్న ఏర్పాటే అది, తప్పు పట్టను. కానీ తన పరుగుకు లెక్క లేదని పిల్లవాడికి తెలిసిపోయే రోజు ఒకటి వస్తుంది. మా వాడికి ఆ రోజు వచ్చేసింది.

దానికి నెల ముందే ఇంకొకటి చూశాను. తెలిసినవాళ్ల పాప పుట్టినరోజని ఒక హాలుకు వెళ్లాం. మైకు పట్టుకున్న అబ్బాయి పిల్లల చేత మ్యూజికల్ చైర్స్ ఆడించాడు. మొదటి మూడు రౌండ్లలో అవుట్ అయింది ఆ గుంపులో అందరికంటే చిన్నవాళ్లు ముగ్గురు. ఆ తరవాత అరగంటకు పైగా వాళ్లు గోడ పక్కన కుర్చీల్లో కాళ్లు ఊపుకుంటూ, కూల్‌డ్రింక్ స్ట్రా కొరుక్కుంటూ కూర్చున్నారు. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లనే ముందు కూర్చోబెట్టే ఆటలు ఎందుకు ఆడిస్తాం అని ఆ రోజంతా నా మనసులో తిరిగింది.

మా పాపకు సంక్రాంతి సెలవుల్లో తొమ్మిదో పుట్టినరోజు. పండక్కి మా అన్నల పిల్లలు, మా ఆడబిడ్డ పిల్లలు ఎలాగూ తిరుపతికి వస్తారు. వీధి పిల్లలతో కలిపితే పద్నాలుగు మంది. అందరికంటే చిన్న మా వాడు, అందరికంటే పెద్ద మా పెద్దన్న కొడుకు, వాడికి పదమూడు. ఈసారి హాలు వద్దు, మన పెరట్లోనే చేద్దాం, ఆట వస్తువులన్నీ చెక్కతో నేనే చేస్తాను అని ఇంట్లో చెప్పేశాను. ఒకటే షరతు. ఏ ఆటలోనూ ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ అరటిపండు కాకూడదు. అందరికంటే చిన్నవాడు కూడా నిజంగా గెలిచే దారి ఉండాల.

చెక్కపని నాకెలా వచ్చిందో చెప్పాలి. మా నాయన ఆచారి. పాకాల వైపు పల్లెలో మాది. తలుపులు, కిటికీలు, మంచాలు, మడకలు, ఎద్దుల బండ్ల మరమ్మతులు, అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. పలక పట్టుకోమని మా అన్నలను పిలిచేవాడు. నా పని చిత్రిక పట్టినప్పుడు రాలే చుట్టలు ఊడ్చి పొయ్యి దగ్గర పోయడం. ఆడపిల్లకు ఉలి ఇవ్వకూడదని ఎవరూ అనలేదు, అలాగని ఇవ్వనూ లేదు. మూడేళ్ల కింద నాయన పోయాక పనిముట్ల పెట్టె ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. ఒకన్న బెంగళూరులో, ఒకన్న చెన్నైలో, ఇద్దరివీ అపార్ట్‌మెంట్లు. నేను తెచ్చుకున్నాను. రెండు చిత్రికలు, ఐదు ఉలులు, ఒక బాడిస, రెండు రంపాలు, మూలమట్టం. మూత లోపలి వైపు పెన్సిల్‌తో ఎవరిదో కిటికీ కొలత రాసి ఉంది, 3 అడుగులు 4 అంగుళాలు అని. కింద గీత కొట్టి ఉంది. ఆ కిటికీ ఎవరిదో అమ్మకు కూడా గుర్తు లేదు.

పక్కింటి పైఅంతస్తు పని జరిగేటప్పుడు తలుపులు బిగించడానికి వచ్చిన ఒక ఆచారి అన్న దగ్గర నేర్చుకున్నాను. టైల్స్ షాపులో నా లెక్కల పని అయిపోయాక సాయంత్రం గంటసేపు. మొదటి పదిహేను రోజులు నాతో ఉలి సానబెట్టించడం తప్ప ఏమీ చేయించలేదు. "మొద్దు ఉలే చెయ్యి కోస్తుంది మా" అనేవాడు. అది నిజం. పదునున్న ఉలి మెల్లగా తోస్తే చాలు, చెక్కలోకి దిగుతుంది. పదును లేనిదాన్ని బలం పెట్టి తోస్తాం, అది జారి నేరుగా ఇంకో చేతి మీదికి వస్తుంది. తరవాత నేను డ్రిల్ మెషీను, చిన్న జిగ్‌సా కొనుక్కున్నాను. అయినా ఎక్కువ పని ఇప్పటికీ నాయన చిత్రికతోనే.

చెక్క చాలావరకు పల్లెలో మా పాత ఇంటిదే. మిద్దె విప్పినప్పుడు వచ్చిన వేప వాసాలు, ఒక టేకు తలుపు. వేప చెక్క కోసేటప్పుడు ఇల్లంతా ఆ చేదు వాసనే. మాస్కు లేకుంటే తుమ్ములు ఆగవు. కానీ పురుగు పట్టదు, నలభై ఏళ్లయినా కోస్తే లోపల ఎర్రగా నిగనిగలాడుతుంది. మామిడి అలా కాదు. మా జిల్లాలో తోతాపురి తోటలకు కొదవ లేదు, ముసలి చెట్లు కొట్టేసినప్పుడు చెక్క చవగ్గా దొరుకుతుంది. ఒకసారి అలా తెచ్చిన పచ్చి పలకలను ఆత్రంగా వాడేశాను. రెండు నెలలకు వాటి కింద తెల్లటి పిండి రాలడం మొదలైంది. పుచ్చిపోయింది. పచ్చి చెక్కలో ఉండే పిండి పదార్థం ఆ పురుగుకు తిండి. ఇప్పుడైతే పలకకూ పలకకూ మధ్య కర్ర ముక్కలు అడ్డం పెట్టి, నీడలో గాలి తగిలేలా పేర్చి వదిలేస్తాను. అంగుళం మందానికి ఏడాది ఆరాలని ఆచారి అన్న చెప్పిన లెక్క.

తిరుపతిలో చెక్కపని చేస్తానంటే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎర్రచందనమా?" అని. కాదు. మా మిద్దె ఎక్కితే శేషాచలం కొండలు కనిపిస్తాయి, ఆ చెట్టు సహజంగా పెరిగే చోటు ప్రపంచంలో ఈ చుట్టుపక్కల కొండలే. అడవి నుంచి కొట్టి తేవడం నేరం. మా ఇంట్లో ఉన్న ఎర్రచందనం అంతా అమ్మ పెళ్లప్పుడు వచ్చిన జంట బొమ్మలే, జానెడు ఎత్తు. దసరాకు కొలువులో ముందు మెట్టు వాటిదే.

అన్నిటికంటే ముందు ఏడు పెంకులు చేశాను. చిన్నోడు బాధపడిన ఆట కదా. టేకు తలుపు పలకలోంచి జిగ్‌సాతో ఏడు చక్రాలు కోశాను. అడుగున ఉండేది 16 సెంటీమీటర్ల వెడల్పు, పైకి పోయేకొద్దీ ఒకటిన్నర తగ్గుతూ చివరిది 7. ఒక్కొక్కటి రెండున్నర సెంటీమీటర్ల మందం. 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 120, ఆఖరున 220తో రుద్దాం. ఆ పని మా పాపదే. చెక్క చారలు ఎటు పోతే అటే రుద్దాల, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి అని ఒకసారి చెబితే పట్టుకుంది. మెషీను నడిచేటప్పుడు మాత్రం పిల్లలిద్దరూ గడప దాటి రాకూడదు, ఆ మాటలో సడలింపు లేదు.

అందంగా ఉండాలని వాటికి వార్నిష్ కొట్టాను. అద్దంలా మెరిశాయి. ఆడదామని పేరిస్తే నాలుగోది పెట్టేసరికి పైవి జారి కింద పడ్డాయి. పెద్దవాళ్లకే నిలవనివి, వెనక బంతి తరుముతుంటే నాలుగేళ్లవాడి చేతిలో ఎలా నిలుస్తాయి? రెండు సాయంత్రాలు కూర్చుని వార్నిష్ అంతా గీకేశాను. తరవాత పచ్చి అవిసె నూనె పల్చగా రాసి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచేశాను. ఈ నూనె చెక్కలోకి ఇంకి ఆరిపోతుంది, పైన జారుడు ఉండదు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు వాటిలో వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. నేను దండెం మీద విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరాకే చెత్తలో వేస్తాను.

రంగు కోసం రెండు చక్రాలకు పసుపు పులిమి చూశాం. నెల తిరిగేలోపు ఎండకు వెలిసిపోయింది. మళ్లీ ప్రయత్నించలేదు.

చక్రాలు చేయడం కంటే ఆట నియమం మార్చడం కష్టమనిపించింది. నాకు ఏమీ తట్టలేదు. మా పాపే చెప్పింది: "ఎవరికి ఎన్నేళ్లో అన్ని పాదాలు వెనక్కి పోయి కొట్టాల మా." పెంకుల దొంతర దగ్గర మడమ పెట్టి, పాదం వెనక పాదం పెట్టుకుంటూ కొలవాలన్నమాట. నాలుగేళ్లవాడు నాలుగు పాదాలు, పదమూడేళ్లవాడు పదమూడు. పైగా చిన్నవాడి పాదం చిన్నది, పెద్దవాడిది పెద్దది. అంటే చిన్నోడు దాదాపు మూడు జానల దూరం నుంచి కొడతాడు, పెద్దోడు వాకిలి అవతల నుంచి. ఇది విని నేను దాని నెత్తిన ముద్దు పెట్టుకున్నాను. ఇంకో నియమం నేను కలిపాను. బంతి తగిలినవాళ్లు అవుట్ అయి కూర్చోరు. కొబ్బరిచెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్లీ ఆటలో దిగుతారు.

రెండోది గోలీల పలక. ఇది చేయడంలోనే ఎక్కువ నేర్చుకున్నాను. రెండడుగుల పొడవు ప్లైవుడ్ పలక, చుట్టూ అంచుకు పట్టీలు. పైన మధ్యలో ఒక మేకు, దాని కింద వరుసలో రెండు, ఆ కింద మూడు, ఇలా ఆరు వరుసలు, మొత్తం 21 మేకులు. పై వరుసలోని రెండు మేకుల నడిమికి కింది వరుస మేకు రావాలి. అడుగున పట్టీలు కొట్టి ఏడు గదులు చేశాను. పైఅంచు కింద రెండు ఇటుకలు పెట్టి గోలీ వదిలితే, మేకు మేకుకూ తగులుతూ ఠక్ ఠక్‌మని దిగి ఏదో ఒక గదిలో పడుతుంది.

మొదటిసారి గోలీ మూడో వరుసలోనే ఇరుక్కుపోయింది. గోలీ అడ్డుకొలత 16 మిల్లీమీటర్లు కదా అని మేకుకూ మేకుకూ 18 మిల్లీమీటర్లు పెట్టాను. మేకు మందం లెక్కలో వేసుకోలేదు. దాని మందం రెండు పోతే మిగిలింది సరిగ్గా గోలీ పట్టేంత. 21 మేకులూ పీకి, తొర్రలను రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన ముద్దతో పూడ్చి, ఈసారి 30 మిల్లీమీటర్లు పెట్టి కొట్టాను. అప్పుడు దిగింది. ఆ మొదటి గోలీ ఎక్కడా ఆగకుండా అడుగు దాకా దిగిన చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. రాత్రి పదకొండు గంటలప్పుడు మా ఆయనను లేపి మరీ చూపించాను.

దీన్ని ఆడుతుంటే మా పాపకు ఒక అనుమానం వచ్చింది. గోలీలు ఎప్పుడూ నడిమి గదిలోనే ఎక్కువ పడతాయెందుకు? మా పెద్దన్న కొడుకు పండక్కి వచ్చాక ఇద్దరూ కాగితం పెట్టుకుని కూర్చున్నారు. ప్రతి మేకు దగ్గర గోలీ కుడికన్నా పోవాలి, ఎడమకన్నా పోవాలి. ఆరు వరుసలంటే మొత్తం 64 దారులు. నడిమి గదికి చేరే దారులు 20. దాని పక్కవాటికి పదిహేనేసి, ఆ పక్కవాటికి ఆరేసి. రెండు కొసల గదులకు ఒక్కొక్కటే దారి, ఆరుసార్లూ ఒకే వైపు పడితేనే. కాబట్టి నడిమి గదికి 1 పాయింటు, కొసలకు 10 అని వాళ్లే రాసిపెట్టారు. నాకు నచ్చింది ఇంకొకటి. గోలీ చేతిలోంచి జారాక అది పదమూడేళ్లవాడు వదిలిందా, నాలుగేళ్లవాడు వదిలిందా అని మేకులకు తెలియదు. వయసుకు అక్కడ పనే లేదు.

రింగులాట సంగతి తొందరగా చెప్పేస్తాను. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు పోయినవాళ్లందరికీ తెలిసిన ఆటే, రింగు వేసి వస్తువు గెలుచుకునేది. పలక మీద తొమ్మిది చెక్క గూటాలు దిగగొట్టాను. రింగులకు చెట్లకు నీళ్లు పట్టే పాత గొట్టం ముక్కలు కోసి, రెండు కొసల్లోకీ ఒక చిన్న చెక్క బిరడా దూర్చి గుండ్రంగా కలిపాను. తగిలినా నొప్పి పుట్టదు.

ఎండ తగ్గేదాకా నీడలో కూర్చుని ఆడుకోవడానికి ఓమనగుంటల పలక, పులి-మేక పలక. ఓమనగుంటలకు బాగా ఆరిన మామిడి పలక తీసుకుని ఏడేడు పద్నాలుగు గుంటలు తొలిచాను. గుంటకు ఐదు చొప్పున డెబ్బై చింతపిక్కలు. గుంటలు తొలవడానికి నాలుగు రోజులు పట్టింది, మణికట్టు వాచింది. పులి-మేకకు గీతలను సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చాను. మూడు పులులకు చింత చెక్క, పదిహేను మేకలకు వేప. పాత గుళ్ల మండపాల్లో బండల మీద ఈ గళ్లు చెక్కి ఉండడం మీరూ చూసే ఉంటారు. మా అమ్మ ఈ ఆటలో మేకల వైపు ఉంటే పులులకు కదిలే చోటు దొరకదు.

ఇక అసలు సంగతికి వస్తాను. పార్టీ అంతా ఒక ఎత్తు, అది ఒక్కటే ఒక ఎత్తు.

వేప వాసాల్లోంచి రెండు పొడుగు పలకలు కోశాను. ఒక్కొక్కటి ఐదడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందం. చిత్రికతో నున్నగా పట్టి, అంచులన్నీ గుండ్రంగా దించాను. ఒక్కో పలకకు నాలుగు తొర్రలు, తొర్రకు ఒక తాడు. నలుగురు పిల్లలు వరసగా నిలబడి, ఎడమ కాలు ఒక పలక మీద, కుడి కాలు ఇంకో పలక మీద పెట్టి, తాళ్లు చేతుల్లో పట్టుకుని, ఒక్కసారిగా పలక ఎత్తి అడుగు వేయాలి. నలుగురూ కలిసి ఎత్తితేనే పలక లేస్తుంది. ఒక్కరు మరిచినా అందరూ ఆగిపోతారు.

ఇందులో నేను జాగ్రత్తగా చూసుకున్నవి రెండున్నాయి. తాడు కింద వేసిన ముడి నేలకు రాసుకుంటే పలక ఊగుతుంది, తాడు అరుగుతుంది. అందుకే తొర్ర అడుగున గుండ్రటి గుంట తొలిచి, ముడి పూర్తిగా అందులో దిగేలా చేశాను. రెండోది, కాలిని దేనితోనూ కట్టలేదు. కొంతమంది చెప్పులకు మల్లే పట్టీలు బిగిస్తారు. తూలినప్పుడు కాలు బయటికి రాకపోతే చీలమండ మెలిక పడుతుంది. తాడు చేతిలో ఉంటే, తూలగానే పలక దిగి నేల మీద నిలబడవచ్చు. ఇంత చెప్పినా మా అమ్మ ఆ పలకలను చూసిన మొదటి రోజు "పుత్తూరు కట్టుకు పోవాల్సి వస్తాదేమో చూసుకో" అంది. ఎముక విరిగితే మా వైపు కట్టించుకునేది అక్కడే. తరవాత పలక చేత్తో తడిమి, "ఇవి నలుగురి పావుకోళ్లు" అంది. ఆ పేరే ఖాయమైంది.

పండక్కి పిల్లలు దిగిన రోజే ఆడి చూశారు. మా పెద్దన్న కొడుకు ముందు నిలబడ్డాడు, వాడి వెనక ఎత్తు ప్రకారం మిగతావాళ్లు, చివర మా చిన్నోడు. మొదటి అడుగుకే అందరూ పడ్డారు. పెద్దోడి అంగ చాలా పెద్దది, వెనకవాళ్లకు అందదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. ఏమైనా దెబ్బలు తగిలాయేమో అని నేను మెట్లు దిగి వచ్చేలోపు, మా పాప చిన్నోడిని రెక్క పట్టుకుని తెచ్చి అందరికంటే ముందు నిలబెట్టింది. "వీడు ఎంత వేస్తే మనమూ అంతే వేయాల" అంది.

అప్పుడు కదిలాయి పావుకోళ్లు. వాడి అడుగు జానెడు కంటే కొంచెం ఎక్కువ. వెనక పదమూడేళ్లవాడు కూడా జానెడే వేయాలి. ఎప్పుడు ఏ కాలో వాడే చెప్పాలి. కానీ వాడికి కుడి ఎడమలు ఇంకా సరిగ్గా రావు. ఒక్క క్షణం ఆగాడు. పోయిన ఏడాది వాళ్ల నాన్నతో అలిపిరి మెట్లు ఎక్కాడు, సగం నడిచి, సగం నాన్న భుజాల మీద. అది గుర్తొచ్చినట్టుంది. ఎడమ కాలు ఎత్తుతూ "గోవిందా!" అని అరిచాడు. కుడి కాలికి వెనకవాళ్లు ముగ్గురూ "గోవింద!" అన్నారు.

గోవిందా. గోవింద. గోవిందా. గోవింద.

పెరడు ఈ చివర నుంచి ఆ చివరి దాకా, బట్టలుతికే బండ చుట్టూ తిరిగి వచ్చారు. బండ దగ్గర మలుపులో పలక కొస తగిలి ఆగిపోతే, వాడే వెనక్కి తిరిగి చూసి, "అందరూ ఆగండి, నేను చెప్తా" అన్నాడు. ఆగారు. నేను కరివేపాకు చెట్టు పక్కన నిలబడిపోయాను. వాడి మెడ మీద నరం పొంగేటట్టు అరుస్తున్నాడు. చేతి తాళ్లు వాడికి పొడవెక్కువై మోచేతులు చెవుల దాకా లేస్తున్నాయి. ఆ రాత్రే ముందు తాళ్లు రెండూ నాలుగంగుళాలు కుదించి మళ్లీ ముడి వేశాను.

పుట్టినరోజు కనుమ మరుసటి రోజు చేశాం. కనుమనాడు మగవాళ్లంతా రంగంపేట పశువుల పండుగ, అంటే మా వైపు జల్లికట్టు, చూడడానికి పోయి అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుని వచ్చారు, అందుకని పుట్టినరోజున మైకు పట్టుకునేవాళ్లే లేరు. పొద్దున వదినలు పులిహోర కలిపారు, వడలు కాల్చారు. పండక్కి చేసిన నిప్పట్లు, మురుకులు డబ్బా నిండా ఉన్నాయి. మూడు గంటలకు వేపచెట్టు నీడలో ఓమనగుంటలతో మొదలై, ఎండ దిగాక పెంకులు, రింగులు, చీకటి పడేముందు పావుకోళ్లు. మూడు జట్లు. ప్రతి జట్టులో ముందు నిలబడేది ఆ జట్టులో అందరికంటే చిన్నవాళ్లు. చివరికి ఎవరు గెలిచారో నాకు చప్పున గుర్తుకు రావడం లేదు. గోలీల పలకలో మాత్రం కొస గది పది పాయింట్లు పడింది పక్కింటి ఐదేళ్ల పాపకు. ఆ పిల్ల అరిచిన అరుపుకు వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఇబ్బంది రాలేదని కాదు. పాదాల నియమంలో మా చిన్నన్న కొడుకు తన పాదాన్ని సగమే మోపి దగ్గరికి రాబోయాడు, దాని మీద పెద్ద గొడవ. చివరికి కొలిచే పని చిన్నోడికి అప్పగించారు. వాడు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి మడమకూ వేలికీ మధ్య సందు ఉందేమో వంగి చూసి, "సరిపోయింది" అని చెబితేనే బంతి చేతికి.

పిల్లలకు కేకు పంచి, చేతులు కడిగించి లోపలికి పంపాక, పెరట్లో పెద్దవాళ్లం మిగిలాం. పెద్దవదిన పావుకోళ్ల మీద కాలు పెట్టి "ఎట్ల నడిచినార్రా వీళ్లు దీని మీద" అంది. చిన్నవదిన ఆమె వెనక ఎక్కింది. నేను ఆఖరున ఎక్కాను. ముందు ఒక చోటు ఖాళీ. అమ్మ అరుగు మీద కూర్చుని పిక్కలు ఏరుతోంది. డెబ్బైకి రెండు తక్కువ వచ్చాయట, వెతుకుతోంది. అమ్మా రా అని పిలిస్తే, ఈ వయసులో నాకెందుకంది. మూడోసారి పిలిచాక చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వచ్చింది. వెనక నిలబడుతుందేమో అని నేను అనుకుంటుంటే, నేరుగా ముందుకు పోయి నిలబడింది. తాళ్లు ముందే కుదించి ఉన్నాయి కదా, ఆమె బాగా వంగాల్సి వచ్చింది.

పలకను కాసేపు కాలితో నొక్కి చూసి, "ఇది నడవా వాసం కదా" అంది. అవునమ్మా, పెద్ద తలుపు పైన ఉండేది అన్నాను. "మీ నాయన నేను కాపురానికి వచ్చిన ఏడాది ఎక్కించినాడు దీన్ని" అంది. ఇంకేం మాట్లాడలేదు. "గోవిందా" అని ఎడమ కాలు ఎత్తింది.

ఐదడుగులు నడిచామో లేదో, నా ఎడమ చేతి తాడు తెగింది. కొబ్బరి పీచు తాడు, మధ్యాహ్నమంతా పిల్లలు లాగి లాగి పోగులు లేచిపోయి ఉంది. పైగా పిల్లల అరచేతులు ఎర్రగా కందాయని అప్పుడే గమనించాను. మరుసటి రోజు గాంధీరోడ్డు వైపు పోయి మెత్తటి నూలు తాడు పది మీటర్లు తెచ్చాను. తాడు మార్చేటప్పుడు చిన్నోడు పక్కనే కూర్చుని ముడులు లెక్కపెట్టాడు. ఎనిమిది. ముందు తాళ్లు ఎంత పొడవు పెట్టాలిరా అని అడిగాను.

"అవ్వకొకటి పొడుగుది, నాకొకటి పొట్టిది, రెండూ కట్టు" అన్నాడు.

రెండూ కట్టాను.